వరంగల్ నుంచి మోటుపల్లి తీరానికి ఇద్దరూ బండి మీద: లెక్క వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఉద్యోగం, పెళ్ళై ఏడాది కాలేదు, 150 సీసీ బండి. శనివారం తెల్లవారకముందే బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. జనం గోల లేని చిన్న మత్స్యకార గ్రామం కావాలి. మీ ఆవిడ ఇంతవరకు సముద్రం చూడలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు బండి మీద అంత దూరం వద్దంటున్నారు.

మీ ప్రశ్నలో బండి టైర్లు ఎప్పుడు మార్చారో ఉంది, లీటరుకు ఎంత ఇస్తుందో ఉంది. మీ ఆవిడ ఇంతకుముందు బండి మీద ఒకేసారి ఎంత దూరం కూర్చున్నారో మాత్రం లేదు. నేను మొదట అడిగేది అదే. నడిపేవాడికి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, మోకాళ్ళు ఆనించడానికి ట్యాంకు ఉంటుంది, గుంత వచ్చేది ముందే కనిపిస్తుంది. వెనక కూర్చున్నవారికి గుంత సంగతి నడుముకు తగిలాకే తెలుస్తుంది. మీరు బ్రేకు వేసినా, వంపు తిప్పినా వాళ్ళు సిద్ధంగా ఉండరు. అందుకే ఒకే బండి మీద ఒకే దారిలో వెళ్ళిన ఇద్దరిలో ఒకరు హుషారుగా దిగుతారు, ఇంకొకరు నడుము పట్టుకుని దిగుతారు. దూరం, ఆగే చోట్లు, బస, తిరుగు ప్రయాణం అన్నీ వెనక సీటు ఎంత ఓర్చుకోగలదో చూసి వేసుకోవాలి. నడిపేవాడి ఓపికను బట్టి వేసిన లెక్క ఖమ్మం దాటకముందే తప్పుతుంది.

ఇప్పుడు దూరం. వరంగల్ నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. ఖమ్మం నుంచి కోదాడ మీదుగా విజయవాడ మరో 130. విజయవాడ నుంచి గుంటూరు, బాపట్ల మీదుగా చీరాల దాదాపు 100. మొత్తం 350. నాలుగు వరుసల రోడ్డు మీద గంటకు 60, 70 వేగంతో వెళ్ళినా ఊళ్ళు, ఆగడాలు, టీలు, విజయవాడ రద్దీ కలిపితే సగటు 40 దాటదు. అంటే ఒక వైపుకే తొమ్మిది గంటలు. రెండు రోజుల్లో రానూపోనూ పద్దెనిమిది గంటలు సీటు మీదే గడిస్తే, తొలిసారి సముద్రం చూసే మనిషికి మిగిలేది ఒక సాయంత్రం, ఒక రాత్రి నిద్ర, ఆ తర్వాత మళ్ళీ సామాను సర్దుకోవడం.

కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టండి, సోమవారం ఆఫీసుకు కాస్త ఆలస్యంగా వస్తానని చెప్పండి. శుక్రవారం రెండింటికి హనుమకొండలో బయలుదేరితే చీకటి పడకముందే ఖమ్మం చేరతారు. రాత్రి అక్కడే. శనివారం ఆరింటికి కదిలితే ఎండ ముదిరేలోపు విజయవాడ దాటి, ఒంటిగంట, రెండు గంటల మధ్య చీరాలలో భోజనానికి కూర్చుంటారు. ఆదివారం తెల్లవారుజాము సముద్రం దగ్గర గడిపి తొమ్మిది, తొమ్మిదిన్నరకు వెనక్కి తిరిగితే సాయంత్రానికి మళ్ళీ ఖమ్మం. సోమవారం ఉదయం ఆరింటికి బయలుదేరితే తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉంటారు.

ఖమ్మంలో రెండుసార్లు ఆగడం దండగ అనిపించవచ్చు. కారణం చెబుతాను. వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు, మరిపెడ మీదుగా వెళ్ళే ఆ దారిలో కోతల కాలంలో వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్ళు పేర్చి, పైన నల్ల టార్పాలిన్ కప్పి ఇంటికి వెళ్ళిపోతారు. పగలు అది కనిపిస్తుంది. రాత్రి ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో పడుతున్నప్పుడు ఆ నల్ల టార్పాలిన్ కనిపించదు, దాని అంచున ఉన్న రాయి అసలే కనిపించదు. దానికి తోడు గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు, మిర్చి కాలంలో బస్తాలు రెండు వైపులా పొంగిన డీసీఎంలు. ఆదివారం రాత్రి అలసిన కళ్ళతో ఆ 120 కిలోమీటర్లు నడపవద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి, మిగతావి మీ ఇష్టం.

అసలు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం రామప్ప, లక్నవరం వెళ్ళి రండి. ఎలాగూ 170 కిలోమీటర్ల దాకా అవుతుంది. చూడాల్సింది గుడి, చెరువు మాత్రమే కాదు. ఇంటికి వచ్చిన మర్నాడు ఉదయం ఆమె ఎలా లేచారో చూడండి. నడుము నొప్పా, మోకాలి వెనక నొప్పా, మెడ నొప్పా అని అడగండి. నడుమైతే సీటు గట్టిదనం, వెనక షాక్ అబ్జార్బర్ల సర్దుబాటు చూడాలి. మోకాలైతే ఫుట్‌రెస్టు ఎత్తు, ఎక్కువసేపు ఆగకుండా నడపడం కారణం. మెడ అయితే తొంభై పాళ్ళు హెల్మెట్ వదులుగా ఉందన్నమాట, గాలికి తల వెనక్కి లాగుతోంది. నొప్పి ఏదీ లేదని ఆమె మొహమాటానికి అంటే మీకే తెలుస్తుంది, కొత్త కాపురం కదా.

హెల్మెట్ ఇద్దరికీ చట్టప్రకారం తప్పనిసరి. అయినా వెనకవారికి మనవాళ్ళు కొనేది రోడ్డు పక్క డొప్ప. అది వద్దు. ఐఎస్ఐ గుర్తున్నది, ఆమె తలకు పెట్టి చూసి, గడ్డం కింద పట్టీ బిగించి తల ఊపితే కదలనిది కొనండి. చున్నీ, చీర కొంగు బండి మీద వద్దే వద్దు. వెనక చక్రంలో కొంగు చిక్కుకుంటే మనిషిని ఒక్క లాగుతో కింద పడేస్తుంది. చీర గార్డు ఉందన్న ధైర్యం పెట్టుకోవద్దు, అది కాలిని కాపాడేంత బాగా కొంగును కాపాడదు. ప్యాంటు, పొడుగు చేతుల జాకెట్, కాలి మడమలు మూసే బూట్లు, రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం. గుడికి కట్టుకోవాలనుకున్న చీర సంచిలో పెట్టుకోండి, చీరాల లాడ్జిలో మార్చుకోవచ్చు. నెలసరి తేదీలు చూసి ప్రయాణం పెట్టుకోండి, ఈ సంగతి మీరే ముందు అడగండి. గర్భం అన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా బండి మాట మరచిపోయి రైలు టికెట్లు తీయండి.

గంటకోసారి ఆగండి, అవసరం ఉన్నా లేకున్నా. ఆడవాళ్ళు దారిలో బాత్రూము దొరకదని నీళ్ళు తాగడం మానేస్తారు. దాంతో తలనొప్పి, ఆ తర్వాత వాంతి, చివరికి ప్రయాణం మీదే విసుగు. పెద్ద పెట్రోలు బంకులు, ఆర్టీసీ బస్టాండ్లు, హైవే మీద కుటుంబాలు ఆగే హోటళ్ళు ముందే గుర్తుపెట్టుకుని, "ఇంకో ఇరవై నిమిషాల్లో ఆగుతాం" అని చెబుతూ ఉంటే ఆమె ధైర్యంగా నీళ్ళు తాగుతారు.

బండి గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినట్టే ఉంది. ఇద్దరూ, సామానూ ఉన్నప్పుడు వెనక టైరులో గాలి ఎంత ఉండాలో బండి మీది స్టిక్కరులోనో పుస్తకంలోనో వేరుగా రాసి ఉంటుంది, ఆ అంకె పెట్టించండి. చైను బిగువు ఇద్దరూ కూర్చున్నప్పుడు మారుతుంది, మెకానిక్ దగ్గర ఆ సంగతి చెప్పి చూపించండి. వెనక షాక్ అబ్జార్బర్లు ఒక మెట్టు గట్టిపరచండి. సామాను రెండు పక్కలా సమంగా వేలాడే సంచుల్లో వేయండి. ఆమె వీపుకు బ్యాగు తగిలించారో, మొదటి వంద కిలోమీటర్లకే భుజాలు దిగిపోతాయి.

ఎప్పుడు వెళ్ళాలి? మీరు మే నెల సెలవులన్నారు. వద్దు. మొదటిది, మే నెలలో ఖమ్మం ఎండ గురించి వరంగల్ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. రెండోది, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. బోట్లన్నీ ఒడ్డున లాగి ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. అదీ చూడదగ్గదే, కానీ మీరు చూడాలనుకున్నది అది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే హోటల్ బుకింగ్ డబ్బు పోయినా సరే వెళ్ళవద్దు. డిసెంబరు చివర, జనవరిలో తెల్లవారుజామున నందిగామ వైపు మంచు దట్టంగా కమ్ముతుంది, ముందున్న లారీ వెనక దీపం కూడా కనబడదు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు ఉన్న కాలం మీకు సరిగ్గా సరిపోతుంది.

ఇక ఊరు. మీరు రాసిన రెండు పేర్లలో మంగినపూడి మచిలీపట్నం పక్కనే ఉంటుంది, అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, లోతు తక్కువ. సూర్యలంక బాపట్లకు దగ్గర, పర్యాటక శాఖ వసతి ఉంది, ఇసుక బాగుంటుంది. కానీ శని, ఆదివారాల్లో హైదరాబాదు, గుంటూరు, విజయవాడ కార్లన్నీ అక్కడే ఉంటాయి. కార్తీక మాసంలో అయితే అది తిరనాళ్ళే. మీరు అడిగింది గోల లేని ఊరు.

నేనైతే చీరాలలో బస పెట్టుకుని, శనివారం సాయంత్రం దగ్గర్లోని వాడరేవు అనే తీర గ్రామానికి, ఆదివారం తెల్లవారుజామున మోటుపల్లికి వెళ్ళమంటాను. మోటుపల్లి చినగంజాం మండలంలో, చీరాల నుంచి వేటపాలెం మీదుగా దక్షిణానికి వెళితే వస్తుంది. ఓరుగల్లు వాళ్ళకు ఆ ఊరు పరాయిది కాదు. కాకతీయుల కాలంలో మన రాజధానికి సముద్రపు వాకిలి అదే.

వేయి స్తంభాల గుడి పక్కన నివసించేవాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు, చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద ఉంది. అందులో ఉన్న సారం ఇది: పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరి గాలివానకు పగిలి ఒడ్డున పడిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల మీద దయతో మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోము. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు వంటి సరుకులకు వేరే ధరలు కూడా అందులోనే చెక్కించాడు. ఇవాళ ఓడరేవుల దగ్గర పెట్టే ధరల పట్టికకు అది తాత. తర్వాత 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే ఊళ్ళో వర్తకులకు ఇలాంటి శాసనమే వేయించాడు.

వెనిస్ నుంచి వచ్చిన మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అని రాశాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, బట్ట సాలెగూడు అంత సన్నగా నేస్తారని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని పండితుల నిర్ణయం. ఆమె భర్త పోయిన తర్వాత రాజ్యానికి వచ్చిందని రాయడంలో ఆయన పొరపడ్డాడు, ఆమెకు రాజ్యం తండ్రి గణపతిదేవుడి నుంచి వచ్చింది. నేత మాట మాత్రం ఇప్పటికీ నిజం. చీరాల, వేటపాలెం వీధుల్లో నడిస్తే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. మీ ఆవిడ చీర కొనుక్కోవాలంటే ఇక్కడే కొనాలి, విజయవాడలో కాదు.

అంత గొప్ప రేవు ఇవాళ చిన్న పల్లె. పెద్ద ఓడరేవు ఆనవాళ్ళేవో కనిపిస్తాయని ఆశపడితే నిరాశ తప్పదు. గుడి, శాసనం, ఇసుక, సరుగుడు తోటలు, బోట్లు, వలలు. గుడి తెరిచి ఉందో లేదో ఊళ్ళో ఎవరినైనా పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. శాసనం మీద పొడి చల్లడం, చేత్తో రుద్దడం వద్దు. ఏటవాలుగా పడే ఉదయపు ఎండలో అక్షరాలు వాటంతట అవే తేలుతాయి.

దారి విషయం. ఖమ్మం నుంచి కోదాడ, అక్కడి నుంచి హైదరాబాదు–విజయవాడ హైవే. గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్ సరిహద్దు చెక్‌పోస్టు. బండి కాగితాలు, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి, స్నేహితులెవరైనా సరదాకి చేతిలో పెట్టిన సీసాలు మాత్రం ఇంట్లోనే వదలండి. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే పాత బస్తీ రద్దీ తప్పుతుంది. కృష్ణ దాటి మంగళగిరి, గుంటూరు, పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల. గుంటూరు దాటాక రోడ్డు సన్నబడుతుంది కానీ చుట్టూ చూపు చల్లబడుతుంది. కాలువలు, వరి కోసిన మళ్ళలో మినుము, పెసర. మన వైపు ఎర్రనేల, బోరుబావుల మధ్య పెరిగినవాళ్ళకు ఆ డెల్టా నేల చూడటమే ఒక ముచ్చట. మంచి హోటల్ కన్నా ఆ గట్టు మీద చెట్టు కింద పది నిమిషాలు ఆగడం మేలు.

ఇంకో దారి ఉంది, సూర్యాపేట, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. దూరం ఇంచుమించు అంతే. విజయవాడ తప్పుతుంది. కానీ రోడ్డు చోట్ల చోట్ల పనుల్లో ఉంటుంది, సున్నపురాయి లారీల దుమ్ము, ఆడవాళ్ళు దిగడానికి తగిన చోట్లు తక్కువ. ఒంటరిగా వెళితే నాకు ఇష్టమైన దారి. ఇద్దరికైతే మొదటిదే.

శనివారం సాయంత్రం వాడరేవులో స్నానం చేయాలనిపిస్తుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనకు ఈత వస్తుందంటే పాకాల చెరువులోనో, ఊరి బావిలోనో నేర్చుకున్న ఈత. చెరువు నీరు మనిషిని ఎక్కడికీ లాక్కుపోదు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి ఏదో ఒకచోట పాయ కట్టి బలంగా వెనక్కి పోతాయి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట అలలు విరగకుండా నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటే, కొత్తవాళ్ళకు అదే ప్రశాంతమైన చోటుగా కనిపిస్తుంది. లాగేది సరిగ్గా అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఈదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ నుంచి బయటపడాలి. అసలు మోకాలి లోతు దాటకపోతే ఈ పాఠం అవసరమే ఉండదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది, అప్పుడు మరింత వెనక్కి ఉండండి. వేటకు వెళ్ళేవాళ్ళు ఇక్కడ దిగవద్దంటే మారుమాట లేకుండా బయటికి రండి, ఈ నీరు వాళ్ళకు తెలిసినట్టు మనకు తెలియదు.

బండిని ఇసుకలోకి దింపవద్దు. ఫోటోలో బాగుంటుంది, ఆ తర్వాత నలుగురు వచ్చి లాగాలి. రోడ్డు చివర ఆపేటప్పుడు కూడా సైడు స్టాండు కింద చదునైన రాయో కొబ్బరి డొక్కో పెట్టండి, లేకపోతే మెల్లగా దిగబడి పక్కకు ఒరుగుతుంది.

ఆదివారం ఉదయం అయిదింటికే లేవాలి. ఫిబ్రవరిలో సూర్యుడు ఆరున్నర దాటాక వస్తాడు కానీ ఒడ్డున పని అంతకుముందే మొదలవుతుంది. రాత్రి వేటకు వెళ్ళిన ఫైబర్ బోట్లు వెలుగు రాకముందే ఒకటొకటిగా ఒడ్డెక్కుతాయి. బోటు ఇసుకకు తగలగానే అందరూ కలిసి అల వచ్చినప్పుడల్లా ఒక తోపు తోస్తారు, అల లేనప్పుడు ఆగుతారు. తర్వాత వలను బయటికి లాగి చేపలు విడదీస్తారు. ఆ చేతుల పని దగ్గర నిలబడి చూడండి. వల కన్నులో ఇరుక్కున్న చేపను తోక పట్టి వెనక్కి లాగరు, మొప్పలు వల దారానికి అడ్డుపడి చిరుగుతాయి. తల పోయిన దిక్కుకే ముందుకు తోసి, అవతలి వైపు నుంచి ఒక్క మెలికతో తీసేస్తారు. పీత అయితే ముందు దాని గోళ్ళు చూసుకుని వెనక నుంచి పట్టుకుంటారు. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, అదృష్టం బాగుంటే చందువలు, వంజరం. అక్కడే కుప్పలు పోసి వేలంపాట పెడతారు, పాడేది ఎక్కువగా ఆడవాళ్ళు. పాట ఎంత వేగంగా ముగుస్తుందంటే ఎవరు గెలిచారో మీకు అర్థమయ్యేలోపు చేపలు గంపలోకి వెళ్ళిపోతాయి. దూరంగా ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగుతుంటే అదీ చూడండి, రెండు తాళ్ళకు రెండు జట్లు, మధ్యలో సముద్రం.

అది వాళ్ళ పనిచోటు. అడగకుండా మనుషుల ముఖాల మీదికి ఫోను పెట్టవద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళవి. మీ ఆవిడ వెళ్ళి "ఈ చేప పేరేమిటి అక్కా" అని అడిగితే చాలు, మీరు రోజంతా నిలబడినా చెప్పని కబుర్లు ఆమెకు పావుగంటలో చెబుతారు. ఆరబెట్టిన వల మీద కాలు వేయవద్దు. బోటులో ఒక రౌండు తిప్పమని డబ్బు చూపించవద్దు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరైనా ఎక్కించుకుంటామన్నా ఎక్కవద్దు.

చేపలు కొని వరంగల్ తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, మంచు పెట్టెతో బండి మీద రెండు రోజులు సాగదు. అక్కడే తినండి. కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను ఉబ్బి తేటగా ఉందా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తుందా అని చూసి, చీరాలలో వండిపెట్టే మెస్సు ఏదైనా లాడ్జివాళ్ళను అడిగితే చెబుతారు. మనకు కొర్రమీను, బొచ్చె అలవాటు కాబట్టి సముద్రపు చేప మొదటి ముద్దకు వేరుగా ఉంటుంది, రెండో ముద్దకు సర్దుకుంటుంది. ఇంటికి ఎండు నెత్తళ్ళు తీసుకోండి. కాగితంలో చుట్టి, పైన రెండు కవర్లు వేసి, బట్టల సంచికి దూరంగా బయట కట్టండి. వేటపాలెం జీడిపప్పు వాసన రాదు, అత్తగారికి అది శ్రేష్ఠం.

వేటపాలెంలో ఆగినప్పుడు సారస్వత నికేతనం గ్రంథాలయం తెరిచి ఉంటే లోపలికి వెళ్ళండి. 1918లో మొదలైంది. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచారు. పాత పత్రికల బైండ్లు చూస్తే నాలాంటివాళ్ళకు కాలు కదలదు, మీకు తిరుగు ప్రయాణం ఉంది కాబట్టి అరగంట చాలు.

బస గురించి ఒకటే జాగ్రత్త. మోటుపల్లిలో లాడ్జిలు ఆశించవద్దు. చీరాలలో ఊళ్ళో లాడ్జిలున్నాయి, వాడరేవు, రామాపురం వైపు రిసార్టులున్నాయి, శని, ఆదివారాల్లో అక్కడ ధర ఎక్కువ, రాత్రి పాటల హోరు కూడా ఎక్కువ. తెల్లవారుజామున లేవాలంటే ఊళ్ళో ఉండటమే మంచిది. ఇద్దరి ఆధార్ అసలు కార్డులు పెట్టుకోండి. పెళ్ళయ్యాక ఆమె కార్డులో చిరునామా మార్చి ఉండకపోతే కొన్నిచోట్ల అనవసరపు ప్రశ్నలు వేస్తారు, ఫోనులో పెళ్ళి శుభలేఖ ఫోటో ఒకటి ఉంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ముందే ఫోను చేసి బండికి లోపల తాళం వేసే చోటు ఉందో లేదో కనుక్కోండి.

పెద్దవాళ్ళకు ఏం చెప్పాలన్నారు. వాళ్ళ భయం దూరం గురించి కాదు, రాత్రి ప్రయాణం గురించి, కబురు తెలియకపోవడం గురించి. చీకటి పడ్డాక బండి కదలదని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఖమ్మం, విజయవాడ, చీరాల చేరగానే ఫోను చేసేది మీరు కాదు, ఆమె. మీ మామగారికి కూతురి గొంతు వినిపించాలి. ఇంకొకటి కూడా చెప్పండి: ఖమ్మం, విజయవాడ, బాపట్ల, చీరాల అన్నీ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. ఖమ్మంలో దిగేసరికి ఆమెకు నడుము సహకరించకపోతే బండి అక్కడే తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టి, ఇద్దరూ రైలెక్కి చీరాలలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. సముద్రం రైల్లో వచ్చినవాళ్ళకు తక్కువగా ఏమీ కనిపించదు. ఆ నిర్ణయం ఆమె చెప్పినప్పుడు మీరు ముఖం ముడుచుకోకూడదు, అంతే.

తిరిగి వచ్చిన రోజే బండిని మంచినీళ్ళతో బాగా కడిగించండి. ఉప్పు గాలి చైనుకు, బోల్టులకు, సైలెన్సరుకు వారంలో తుప్పు పట్టిస్తుంది. చైను ఆరాక నూనె వేయండి, ముందూ వెనకా బ్రేకుల్లో ఇసుక గీరుతోందేమో చక్రం తిప్పి వినండి.

ముందు లక్నవరం వెళ్ళి రండి. మర్నాడు ఆమె ఏమన్నారో, ఏ నెల అనుకుంటున్నారో రాస్తే, ఆగే చోట్లు ఆ ప్రకారం సరిచేసి చెబుతాను.